కారే ఫ్లష్ ట్యాంకు, నిండే గుంత

ఫ్లష్ ట్యాంకు నుంచి కమోడులోకి నీరు ఆగకుండా కారుతున్నప్పుడు ఇంటివారికి కలిగే చింత నీటి వృథా గురించో, మాటిమాటికీ వేయవలసి వచ్చే బోరు మోటారు గురించో అయి ఉంటుంది గాని, మురుగు కాలువ లేనందున సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడిన ఇంట్లో అసలు నష్టం జరిగేది పెరట్లో, మట్టి కింద. సెప్టిక్ ట్యాంకు అంటే మలజలాన్ని నిలవబెట్టే తొట్టి. అందులో బరువైనది అడుగున బురదగా దిగి, జిడ్డు పైన తెట్టెగా కట్టి, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు బురదను మెల్లగా అరిగించుకుంటూ ఉండగా, నడిమి పొరలోని తేరిన నీరు మాత్రమే ఇంకుడు గుంతలోకి పోతుంది. యంత్రమంటూ ఏదీ లేని ఈ తొట్టి పనితనమంతా నీటి నిలకడలోనే ఉంది.

నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే అర గ్లాసు నీరు కారినా రోజుకు 144 లీటర్లవుతుంది. ఐదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు, ఆరేసి లీటర్ల చొప్పున ఫ్లష్ చేస్తే వాడుక 150 లీటర్లు. కాబట్టి చెవికి సరిగా ఆనని ఆ సన్నటి ధార, మరో ఐదుగురు చుట్టాలు వచ్చి తిష్ఠ వేసినదానితో ఇంచుమించు సమానం. తొట్టిలో నీరు నిలిచే వ్యవధి దాదాపు సగానికి తగ్గుతుంది. ఏళ్ల తరబడి బురద తీయించని తొట్టిలోనైతే మిగిలిన చోటే కొద్ది గనుక, తేరని మడ్డి గుంతలోకి కొట్టుకుపోయి మట్టి రంధ్రాలను పూడుస్తుంది. నీటిని త్వరగా ఇంకనివ్వని నల్లరేగడిలోనూ, వానాకాలంలో ఊటనీరు పైకి లేచే డెల్టా ఊళ్లలోనూ ఈ అదనపు నీటికి పోయే దారి ఉండదు.

కారుడుకు మూలం సాధారణంగా రెండు చోట్లలో ఒకటి. బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచితే, కమోడులో నీలం కనిపించినప్పుడు అడుగు వాల్వుకున్న రబ్బరు వాషరు అరిగిందనో, బోరునీటి సున్నం పేరుకుని అది సరిగా కూర్చోవడం లేదనో అర్థం. నీరు ట్యాంకు మధ్యనున్న పొర్లుడు గొట్టం అంచు దాటి పోతున్నట్టయితే తప్పు వాషరుది కాదు. నీటితోపాటు తేలుతూ పైకి లేచి సరఫరాను మూసే ఫ్లోటును, నీటిమట్టం ఆ అంచుకు అంగుళం కిందనే ఆగేటట్టు దించాలి. వాషరు మార్చాలంటే గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, పాత వాషరును వెంట తీసుకుపోయి అదే కొలతది తెచ్చుకోవడం మేలు. సున్నమైతే వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. ట్యాంకులో వేసే బ్లీచింగ్ బిళ్లలు మాత్రం రబ్బరునూ తింటాయి, తొట్టిలోని సూక్ష్మజీవులకూ మంచివి కావు.

గొలుసు లాగే పాత ఇనుప ట్యాంకులను మొరటువని తీసిపారేసినవారికి తెలియని సుగుణం ఒకటి వాటిలో ఉండేది. అడుగున వాల్వు లేకుండా, సైఫన్, అంటే నీటిని ఒక్కసారిగా పైకెత్తి అవతలికి దింపే వంపు మార్గంతో అవి పనిచేసేవి గనుక, అరిగిన వాషరు గుండా గుట్టుగా కారే అవకాశం వాటికి లేదు. బ్రిటన్‌లో 2001 దాకా సైఫన్ పద్ధతినే పట్టుకుని ఉండడానికి కారణం ఈ నీటి పొదుపే.

గుంత పొంగినప్పుడు తొట్టి తోడే లారీని పిలవడం చాలా ఇళ్లలో మొదటి చికిత్స, ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి చూడడం ఆఖరుది. తోడించిన 1,500 లీటర్ల తొట్టిని, ఇంట్లో ఎవరూ లేకపోయినా, ఆ ధార ఒక్కటే 11 రోజులు తిరక్కుండా మళ్లీ నింపుతుంది.