టెలిఫోను తీగపై నోటీసు బోర్డు

ఊరివారు కలసికొనుటకు చావడి యెట్లో, కంప్యూటరు పనివారికి ఒకప్పుడు బులెటిన్ బోర్డు అట్టిది. టెలిఫోను ద్వారా నడచిన వానిలో మొదటిది అమెరికాలోని షికాగో నగరమున పుట్టెను.

1978 జనవరిలో అచ్చట విపరీతముగా మంచు కురిసి జనులు ఇల్లు కదలలేకపోయిరి. అప్పుడు ఐ.బి.యం. ఉద్యోగి వార్డ్ క్రిస్టెన్సెన్ ప్రోగ్రాము వ్రాయగా, మిత్రుడు ర్యాండీ స్యూస్ యంత్రమును కూర్చెను. ఫిబ్రవరి 16వ తేదీన అది అందరికిని తెరువబడినది. తమ కంప్యూటరు సంఘములోని నోటీసు బోర్డే వారికి మాదిరి.

ఒకరు ఫోను చేసి సందేశము వ్రాసి పెట్టుదురు. తరువాత వచ్చినవారు చదివి బదులు వ్రాయుదురు. ఉన్నది ఒకే తీగ. తొలినాళ్ళలో సెకనుకు 30 అక్షరములకు మించి నడచెడివి కావు. ఒకరు వైదొలగిననే మరొకరికి ప్రవేశము. కావున క్లుప్తతయే అచ్చట మర్యాద.

1984లో టామ్ జెన్నింగ్స్ నెలకొల్పిన ఫైడోనెట్ ఇట్టి బోర్డులను ఒకదానితో నొకటి కలిపెను. ఫోను ఖర్చు తక్కువగా నుండు రాత్రివేళ యంత్రములు ఉత్తరములను అందించుకొనెడివి. 1990ల నడుమ ఇంటర్నెట్టు వ్యాపింపగా బోర్డులు చాలవరకు మూతపడెను. స్యూస్ 2019లోను, క్రిస్టెన్సెన్ 2024లోను గతించిరి.

మేము గుమాస్తాగిరిలో జీవితము గడపినవారము. తరువాత ఆ కుర్చీలో కూర్చుండువానికి తెలియునట్లు ఫైలులో వ్రాయుటయే మేము నేర్చిన విద్య. పరభాషల నడుమ తరతరములుగా వసించు మన సంఘమునకును అదియే ఆధారము. నేడు మన పిల్లలలో పెక్కురు తెలుగు మాటలాడుదురు గాని వ్రాయలేరు. ముఖమెరుగని వానికొరకు తెలుగున నాలుగు మాటలు వ్రాసి పెట్టువారు లేనినాడు, భవనమున్నను తీగ తెగినట్లే.