మా తల్లిగారి రవిక

రవికను మా పల్లెలలో రైక యందురు. బజారులో జాకెట్టనియు, నేటి బాలికలు బ్లౌజనియు చెప్పుదురు. పేరేదైనను, తెలుగు స్త్రీ ధరించు వస్త్రములలో నింత చిన్నదియు నింత చిక్కైనదియు మఱియొకటి లేదు. చీర మగ్గముమీదనే ముగియును. దానికి కత్తెర తగులనక్కఱలేదు. రవిక యట్లుగాదు. మీటరు గుడ్డను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను తిరిగి యొక మనిషి దేహమునకు సరిపడునట్లు కూర్పవలెను. అందుచేత సూదిపని నేర్చిన మనలో ననేకులు సయితము రవికమాత్రము దర్జీకే యిచ్చుచుందురు. నేనును నలువది యేండ్లు దాటువఱకు నట్లే చేయుచుంటిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు కుట్టుపని నేర్పకపోలేదు. అంచుమడత, కాజా, అతుకు మొదలగువానిని చిన్న చదరపు గుడ్డలపై కుట్టి, పుస్తకమున నంటించి మార్కులు పొందితిమి. ఆ చదరపు గుడ్డలతో నెవరికిని రవిక కాలేదు.

రెండేండ్ల క్రిందట మా తల్లిగారికి పక్షవాతము వచ్చెను. దేవుని కృపవలన మాటయు నడకయు చాలవఱకు తిరిగి వచ్చినవి గాని, యెడమ భుజము బిగిసిపోయి చేయి పైకి లేవదయ్యెను. పాత రవికలలో నొక్కటియు పనికిరాకపోయెను. ఇరుకైన చేతిలోనికి ఆ చేతిని దూర్పబోయినచో బాధతో కేకవేయును. బంధువులు నైటీలు కొని తెచ్చిరి. రాత్రులందు వానిని తొడుగుకొనెను గాని, పగటివేళ వానితో వాకిటిలోనికి రాదు. పైటను మెడచుట్టు బిగించుకొని గోడవైపునకు తిరిగి కూర్చుండును. ఆదివారమున ఆలయమునకు రమ్మన్నచో, “రైక లేకుండ ప్రభువు బల్లయొద్దకు ఎట్లు వత్తునమ్మా? మీరు పోయి రండి” అనును. అయిదు నెలలు అట్లు గడచినవి. సంఘ కాపరి అయ్యగారు ఇంటికే వచ్చి సంస్కారమిచ్చిరి. అయినను ఆలయపు గంట వినబడినపుడెల్ల ఆమె ముఖము చిన్నబోవుచుండెను.

ముసలితనమున నింత పట్టుదల యేలయని ఒకరిద్దరు గొణిగిరి. నాకు మాత్రము చరిత్రలోని యొక సంగతి జ్ఞప్తికి వచ్చెను. తిరువాన్కూరు సంస్థానమున నాడారు స్త్రీలు పై కులములవారి యెదుట ఱొమ్ము కప్పుకొనరాదను కట్టుబాటుండెడిది. మిషను సంఘములలో చేరిన స్త్రీలు కుప్పాయమను రవికవంటి తొడుగును ధరింపసాగిరి. అందునిమిత్తము వారిని బహిరంగముగ నవమానించి బట్టలు చింపిరి. ప్రార్థనాలయములను, బడులను తగులబెట్టిరి. కలహములు పలుమారు చెలరేగిన పిమ్మట, చెన్నపురి గవర్నరు ట్రెవెల్యన్ గారి ఒత్తిడిమీద, 1859వ సంవత్సరము జూలై 26వ తేదీన మహారాజుగారు అనుమతి నొసగిరి. అదియు పై కులముల స్త్రీలవలె కప్పుకొనరాదను షరతుతోనే. మూరెడు గుడ్డకొఱకు అంత పోరాటము జరిగిన దేశమున, మా యమ్మ రవికను కోరుట మూర్ఖత యని నేననలేకపోయితిని.

మొదట దర్జీయొద్దకే పోయితిని. ఒక చేయి నొక తీరుగను రెండవ చేయి వేఱొక తీరుగను కుట్టుట తన దుకాణమున లేదని యతడు చెప్పెను. అది పెండ్లిండ్ల కాలము. అతనికి చేతినిండ పని. పైగా పరాయి పురుషుడు కొలత తీయుటకు మా యమ్మ యొప్పుకొనదు. కావున నేనే పూనుకొంటిని.

క్రొత్తగా కుట్టువారికి కొలతలకంటె పాత రవికయే మంచి గురువని నా యభిప్రాయము. అమ్మకు ఒకప్పుడు చక్కగా సరిపోయిన నూలు రవికనొకదానిని తీసికొని, బ్లేడు కొనతో కుట్లు విప్పి, ముక్కలకు ఇస్త్రీ చేసి, వార్తాపత్రికపై పఱచి చుట్టును పెన్సిలుతో గీచితిని. విప్పుచుండగనే సగము విద్య వచ్చెను. వెనుక భాగపు చంక వంపుకంటె ముందు భాగపు వంపు లోతుగా నుండును. మన చేతులు ముందువైపునకే గదా యెక్కువగా కదలునది! చేతిముక్క పై వంపును దారముతో కొలిచి చూడగా, అది చంక చుట్టుకొలతకంటె కొంచె మెక్కువ యుండెను. ఆ యెక్కువను సన్నని కుట్టుతో దగ్గఱకు లాగి సర్దినగాని భుజము గుండ్రముగా కూర్చుండదు. బాలికలారా, కుడిచేతిముక్కను ఎడమవైపు అతికించు పొరపాటు మీ తరగతిలో ఏటేట జరుగుచునే యున్నది. ముందువంపుననొక సుద్దగుర్తి పెట్టుకొన్నచో అది తప్పును.

ముందు భాగమున దర్జీలు డాట్లని పిలుచు మడతలు కలవు. గుండ్రని కాగితమునుండి కేంద్రము మొదలు అంచువఱకు నొక ముక్కను కోసితీసి, ఆ కోసిన అంచులు రెంటిని కలిపినచో శంకువగునని లెక్కల తరగతిలో చూపుచుందుము. డాటు చేయు పనియు నదియే. గుడ్డ చదునైనది, దేహము చదునైనది కాదు. ఈ చిన్న మడత ఆ రెంటికిని సంధి చేయును.

ముదురు నీలపు నూలుగుడ్డ తెచ్చితిని. క్రొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకునకే కుంచించుకొనిపోవును గనుక, రాత్రియంతయు నీట నానవేసి, మఱునాడు ఆరవేసి, పిమ్మటనే కోసితిని. కోయునపుడు పడుగు నిలువుగను పేక అడ్డముగను ఉండవలెను. పడుగువెంబడి లాగిన గుడ్డ సాగదు. ఏటవాలుగ లాగిన సాగును. అందుచేతనే మెడవంపునకు వేయు పట్టీని ఏటవాలుగ కోయుదురు. మన బడిలో చదువు నేతవారి బిడ్డలకు ఈ మాట నేను చెప్పనక్కఱలేదు.

అయితే క్రొత్త గుడ్డకు కత్తెర పెట్టుటకు ముందు, పాత దుప్పటిలో నొక నమూనా కోసి, కచ్చాకుట్టు వేసి అమ్మకు తొడిగి చూచితిని. తొడుగునపుడు మొదట బిగిసిన చేతిని, తరువాత మంచి చేతిని పెట్టవలెను. తీయునపుడు మంచి చేతిని మొదట తీయవలెను. ఆసుపత్రిలో నర్సమ్మగారు నేర్పిన యీ క్రమమునుబట్టియే రవిక రూపమంతయు నిర్ణయమయ్యెను. ఎడమ చేతిముక్కను రెండంగుళములు వెడల్పు చేసితిని. ఆ చేతి క్రిందికుట్టును, ప్రక్కకుట్టును చేతి అంచునుండి నడుమువఱకు కుట్టక తెఱచియుంచి, రెండు అంచులకును పట్టీలు వేసి, ఆరు టిచ్చుగుండీలు పెట్టితిని. రవికను పఱచిపెట్టినచో చేయి దానిలో దూరనక్కఱలేదు. గుడ్డయే చేతిచుట్టు వచ్చి మూసికొనును. ముందువైపున కొక్కెములకు బదులుగా టిచ్చుగుండీలే. కొక్కెము తగిలించుటకు రెండు చేతులు కావలెను. టిచ్చుగుండీని బొటనవ్రేలితో ఒంటిమీదనే అదిమిన చాలును. ప్రక్కగుండీలు మేము పెట్టుదుము. ముందరివి ఆమెయే పెట్టుకొనును.

మా యింట కుట్టుమిషను లేదు. మిషను లేనిదే రవిక కాదని కొందరనుకొందురు. సూదిమొన దగ్గఱ బెజ్జముంచి, రెండు దారములను పెనవేసి కుట్టు యంత్రమునకు అమెరికాలో ఎలియాస్ హౌ పేటెంటు పొందినది 1846వ సంవత్సరమున. దానికి పూర్వము లోకమంతయు చేతికుట్టునే తొడుగుకొన్నది. యొప్పేలో దొర్కా కుట్టినవియు, విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవియు చేతికుట్టు బట్టలే. ప్రతి కుట్టును కొంచెము వెనుకకు తీసికొని ముందునకు సాగినచో చేతికుట్టు మిషనుకుట్టునకు తీసిపోని బలము గలదగును. సాయంకాలపు పనులు తీఱిన పిమ్మట దినమునకొక గంట చొప్పున నాకు తొమ్మిది దినములు పట్టెను. అందులో మూడు దినములు చేతులు అతికించుటకే సరిపోయినవి.

అమ్మ దానిని ఒడిలో పెట్టుకొని, తిరుగవేసి, కుడిచేతి వ్రేళ్లతో లోపలి కుట్లను తడవి చూచెను. “ఎక్కడను గుచ్చుకొనదే” అనెను. తొడిగిన తరువాత ముందరి గుండీలను ఒకటొకటిగ తానే అదిమెను. నన్ను చేయి వేయనీయలేదు. అయిదవ గుండీ పడిన పిదప అద్దము తెమ్మనెను. ఆ ఆదివారము రిక్షాలో ఆలయమునకు వచ్చి, స్త్రీలవైపు మూడవ వరుసలో, తన పాత చోటనే కూర్చుండెను.

ఇపుడు రెండవ రవిక కోయుచున్నాను. దీనికి చేతుల అంచున నరసాపురపు తెల్లలేసు కావలెనని ఆమె కోరిక. గోదావరీ తీరమునకు ఆ లేసుపనియు పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలవలన వచ్చినదే. మొదటి రవిక కాగితపు నమూనాను మన కుట్టుతరగతి బీరువాలో, పై అరలో నుంచితిని. ఎవరి యింటనైన ఇట్టి రోగి యుండినచో వచ్చి గీచుకొనవచ్చును. కొలత మాత్రము ఆ రోగి పాత రవికనుండియే తీసికొనుడు. చేయి ఏ మేరకు కదలునో వారిని అడిగి, తెఱపిని ఆ వైపున ఉంచుడు.