రేవు కంబాలు

పోయిన డిసెంబరులో మా సోషల్ మాస్టారు పదో తరగతి వాళ్ళందరినీ గంజాం సముద్రతీరం చూపించడానికి తీసుకెళ్ళారు. నలుగురు నలుగురుగా గ్రూపులు చేసి, పాత కట్టడాల ఫోటోలు తీసి చార్టు మీద అంటించాలన్నారు. మా గ్రూపుకి ఉన్నది ఒక్కటే ఫోను, మా బాబాయిది. దాని నిండా బాబాయి పెళ్ళి వీడియోలే. వాటిని ముట్టుకుంటే ఊరుకోనని ముందే చెప్పి మరీ ఇచ్చాడు.

గుమ్మం దాటుతుంటే నానమ్మ, "గోపాల్‌పూరు ఎల్తే రేవు కంబాలు ఫోటో తియ్యే" అంది. సరే అన్నాను. చెప్పులు వెతుక్కుంటూ అన్నాను.

బరంపురం నుంచి ఛత్రపురం మీదుగా ముందు గంజాం ఊరు వెళ్ళాం. అక్కడ పోతాగడ కోట ఉంది. ఒడియాలో పోతా అంటే పూడిపోయినది. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు అధికారి కట్టించాడట. పైనుంచి చూస్తే నక్షత్రంలా కనిపిస్తుందని మాస్టారు చెప్పారు. కింద నుంచి మాకు కనిపించినవి తుప్పలూ, ఇటుకలూ. 1815 ప్రాంతంలో విషజ్వరాలు వచ్చి చాలామంది పోయాక దొరలు ఆ ఊరు వదిలేశారు. జిల్లాకే పేరిచ్చిన ఊరు ఇప్పుడు హైవే పక్కన మామూలు ఊరిలా ఉంది. నేను ఆ గోడలకి ఇరవైకి పైగా ఫోటోలు తీశాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట మాస్టారు ఇంకో మాట చెప్పారు. అక్కడి ఇసకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట గుడ్డులోంచి బయటికొచ్చి, వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. ఒకప్పుడు రాత్రి వెలుతురంటే సముద్రమే. ఇప్పుడు ఒడ్డు మీద దీపాలు చూసి కొన్ని రోడ్డు వైపు వచ్చేస్తాయట. దీపం దారి చూపిస్తుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తప్పుదారి కూడా పట్టిస్తుందని అప్పుడే తెలిసింది.

గోపాల్‌పూర్ చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. నానమ్మ మాట గుర్తొచ్చి ముందు ఒడ్డుకే వెళ్ళాను. పాత జెట్టీ తాలూకు స్తంభాలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఉప్పుగాలికి పెచ్చులూడిపోయి, ఒకదాని మీద కాకి కూర్చుని ఉంది. "ఎవరో ఇల్లు మొదలెట్టి డబ్బుల్లేక ఆపేసినట్టుంది" అంది నా స్నేహితురాలు. నవ్వుకున్నాం. మూడు ఫోటోలు తీశాను.

తర్వాత లైట్‌హౌస్. టికెట్టు తీసుకుని గుండ్రటి మెట్లు ఎక్కడం మొదలెట్టాం. లెక్కపెట్టాలనుకున్నాను గానీ ఆయాసంలో సగంలోనే మరిచిపోయాను. పైన గాలికి జడలు మొహాన కొట్టుకుంటున్నాయి. కింద పడవలు చింతగింజల్లా ఉన్నాయి. ఫోను తీసి నొక్కితే మెమరీ నిండిపోయిందని వచ్చింది. వెనక మూడు గ్రూపులు వరసలో ఉన్నాయి, తొందరగా కానియ్యమని ఒకటే గోల. పెళ్ళి వీడియోలు ముట్టుకోకూడదు. కోట ఫోటోలకి మార్కులున్నాయి. స్తంభాలకి లేవు. ఆ మూడూ తీసేశాను. ఖాళీ అయిన చోట మా నలుగురి సెల్ఫీలు పట్టాయి.

చీకటి పడేదాకా ఉన్నాం. ఒక్కో లైట్‌హౌస్‌కీ వెలిగి ఆరే లెక్క వేరేగా ఉంటుందనీ, ఓడవాళ్ళు ఆ లెక్కని బట్టే ఇది ఫలానా ఊరని పోల్చుకుంటారనీ మాస్టారు చెప్పారు. వేళ్ళు ముడుస్తూ మేమూ లెక్కపెట్టాం. నలుగురం నాలుగు లెక్కలు చెప్పాం.

ఇంటికొచ్చాక నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. సెల్ఫీలు కూడా. అన్నీ అయ్యాక, "బాగున్నాయి గానీ, కంబాలేవే?" అంది. తియ్యడం మర్చిపోయానని అబద్ధం చెప్పాను. నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించింది.

ఆ రాత్రి పక్కలో పడుకుని చెప్పింది. వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, పద్దెనిమిదేళ్ళప్పుడు రంగం వెళ్ళాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు రంగం అన్నప్పుడల్లా ఏదో నాటకాల సంగతి అనుకునేదాన్ని. రంగం అంటే రంగూన్. మన వైపు నుంచి ఎంతోమంది బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి అక్కడికి వెళ్ళారు. అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలనేవారు. ఓడలు గోపాల్‌పూర్ ఒడ్డు దాకా రాలేవు, దూరంగా లంగరేసేవి. మనుషుల్ని పడవల్లో ఎక్కించి కెరటాల మీదుగా తీసుకెళ్ళేవారు. ముత్తాత వెళ్ళినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. ఆయన తిరిగొచ్చేసరికి ఊరు అక్కడే ఉంది, రాష్ట్రం మారిపోయింది.

తిరిగొచ్చింది ఓడ మీద కాదు. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. లక్షల మంది కొండలూ అడవులూ దాటి కాలినడకన మన దేశానికి వచ్చారు. ఆయనతో నడిచిన తమ్ముడు దారిలోనే ఉండిపోయాడు. "ఓడెక్కిన నాడు ఇద్దరూ ఆ కంబాలకాడే నిలబడినారట. మా సిన్నాన్న ఆకరుసారి ఈ ఊరి ఇసక తొక్కింది అక్కడే" అంది నానమ్మ. ఆ చిన్నాన్నకి ఫోటో లేదు. సమాధి ఎక్కడో తెలీదు. అందుకే కంబాలు అడిగింది.

అప్పుడు నిజం చెప్పేశాను. నానమ్మ కాసేపు ఏమీ అనలేదు. "సోటు సాలకపోతే ఏటి సేస్తావులే" అని అటు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాటి ఆదివారం నానమ్మని తీసుకుని గోపాల్‌పూర్ బస్సెక్కాను. బరంపురానికి పదహారు కిలోమీటర్లే. అయినా తను అటు వెళ్ళి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేదు. ఇసకలో నడవలేకపోతే వల బాగుచేసుకుంటున్న ఒకాయన మన తెలుగులోనే పలకరించి, చెయ్యి పట్టుకుని దింపాడు. నానమ్మ స్తంభం దగ్గర నిలబడింది. ఫోటోకి చూడమంటే చూడలేదు, సముద్రం వైపే తిరిగి ఉంది. అలాగే తీశాను. ఈసారి ఫోనులో చోటుంది. బాబాయి పెళ్ళి వీడియోలు రెండు తనే తీసేసి ఇచ్చాడు.

లైట్‌హౌస్ వెలిగింది. ఎక్కుదామా అని అడిగాను.

"నానెక్కలేను గానీ, ఏడున్నర బస్సు ఎల్లిపోతాది, నడు" అంది. చెప్పుల్లో ఇసక మాత్రం దులుపుకోలేదు.