మూగవోయిన పాటపెట్టె

గృహిణి చేతికి సూది, కత్తెర, అట్లకాడ ఒప్పునుగాని మరలు విప్పు స్క్రూడ్రైవరు ఒప్పదని మన యిండ్లలో నింకను తలచువారు కలరు. అయితే కుట్టుమిషనులో దారము చిక్కుపడినపుడు బాబిను డబ్బాను ఊడదీసి, పేరుకొన్న పీచును తుడిచి, చమురుచుక్క వేసి మరల నడిపించుచున్న దెవరు? కుక్కరు మూత బిగియనపుడు రబ్బరుపట్టీ అరిగినదో ఎండినదో చూచి మార్చుచున్న దెవరు? ఈ పనులు చేయు చేతులకు పాట పాడు పెట్టెను విప్పుటయు అసాధ్యము కాదని నాకు గత సంవత్సరము తెలియవచ్చినది. ఆ సంగతిని, ఆ పనిలోని మర్మములను సోదరీమణులకు తెలుపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హిందూపురములోని మా యింట చేతపట్టుకొని పోదగిన గ్రామఫోను ఒకటి కలదు. మా అత్తగారి పుట్టినిల్లు పెనుకొండ. వారి తండ్రిగారు కూతురి పెండ్లినాడు సారెతో పాటు దానిని రైలెక్కించి పంపిరట. చూచుటకు చిన్న ప్రయాణపు పెట్టె వలె నుండును. మూత తీసినచో నడుమ మఖమలు గుడ్డ పరచిన చక్రము, ప్రక్కన వంపు తిరిగిన గొట్టము, గొట్టపు కొనను గుండ్రని సౌండుబాక్సు కనబడును. విద్యుచ్ఛక్తితో దీనికి పనిలేదు. పిడి త్రిప్పి లోని స్ప్రింగును చుట్టినచో, అది విడివడుచు చక్రమును త్రిప్పును. ఎమిల్ బెర్లినరు 1887లో గ్రామఫోనును కనిపెట్టినది మొదలు అది క్రమముగా పెద్ద బాకాను లోపలికి ముడుచుకొని ఇట్టి చేతిపెట్టె రూపము దాల్చినది. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారు 1931లో వెలువరించిన 102వ రకపు పెట్టె ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

మా పెట్టె మాత్రము చాలకాలముగా మూగవోయి అటకపై నుండెను. అత్తగారికి ఎనుబదియెనిమిదవ యేడు. రెండేండ్లుగా వారి వినికిడి తగ్గుచు వచ్చినది. పోయినది మరల రాదనియు, ఉన్నదియు క్రమముగా తగ్గుననియు వైద్యులు చెప్పిరి. ఒకనాటి సాయంకాలము వారు నన్ను పిలిచి, “అమ్మీ, ఈ చెవులు పూర్తిగా మూసుకొనిపోకముందే మా నాయన పెట్టెలో ఒక్క పాట వినవలెనని యున్నదే” అనిరి.

ఆ వారముననే పాతవస్తువులు కొను వర్తకుడొకడు వచ్చి, కూర్చుండు గదిలో అలంకారముగా నుండునని చెప్పి దానికి మంచి వెల కట్టెను. అంతకుముందు చూచిన మరమ్మతుదారు ఒకరు సామానులు దొరకవని చేతులెత్తివేసిరి. “వదినా, పాడని పెట్టెకు ఇంత ధర వచ్చుచుండగా ఉంచుకొని యేమి చేయుదుము?” అని మా మరిది అడిగెను. అది న్యాయమైన మాటయే. వచ్చు ఆదివారము వరకు గడువు కోరితిని.

ధర్మవరములో మా అక్కను పట్టుచీరెలు నేయువారి యింట ఇచ్చితిమి. మగ్గముపై జకార్డు అట్టలలో ఒక్క రంధ్రము తప్పినను చీరె అంచులో హంస మెడ విరుగునట. అందుచే చిన్న తప్పును వెదకి పట్టుటలో ఆమె కన్ను మిక్కిలి పదునైనది. నా పిలుపు విని ఆమె రైలులో వచ్చినది. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకే రైలుదారిపై నుండుట మా కుటుంబమునకు మొదటినుండియు మేలైనది. అక్క ముందుగా తెల్లని పంచె పరచి, “విప్పిన ప్రతి మరను విప్పిన వరుసలోనే దీనిపై పెట్టుము. మరల కూర్చునపుడు కుడినుండి ఎడమకు రావలయును” అనెను. పుస్తకములలో లేని యీ సూత్రమే మా పనికి పునాది యైనది.

పెట్టె తిరుగకుండుటకు కారణము విరుగుట కాదు, గడ్డకట్టుట. లోని గ్రీజు యేండ్ల తరబడి ఎండి జిగురువలె నైనది. ఇచ్చట ఒక ప్రమాదమున్నది. చక్రము తిరుగకున్నను లోపల చుట్టిన స్ప్రింగు బలముతో బిగిసియే యుండవచ్చును. అట్టి స్థితిలో డబ్బా మూత తీసినచో ఆ ఉక్కుపట్టీ పామువలె లేచి చేతిని చీల్చును. కావున మేము మొదట దేనిని విప్పక, తిరుగు భాగములకు కుట్టుమిషను చమురును చుక్కచుక్కగా వేసి ఒక రాత్రి విడిచితిమి. మరునాడు చక్రము మెల్లగా కదలి, తనంతట తాను తిరిగి తిరిగి బలముడిగి నిలిచెను. అప్పుడే మరలు విప్పితిమి.

స్ప్రింగు కొన్ని గజముల పొడవుగల ఉక్కుపట్టీ. చేతులకు దట్టమైన తొడుగులు వేసికొని, డబ్బాను గుడ్డతో కప్పి, నడిమి చుట్టునుండి ఒక్కొక్క చుట్టుగా బయటికి తీసితిమి. కిరసనాయిలుతో నల్లని జిడ్డును కడిగి, పెన్సిలు ములుకులలో వాడు గ్రాఫైటు కలిసిన గ్రీజును పూసి, మరల చుట్టి పెట్టితిమి. ఈ గ్రీజు లేనిచో చుట్టలు ఒకదానికొకటి అంటుకొని, పాట నడుమ దభాలున వదలును.

స్ప్రింగు బలము మొదట హెచ్చుగను, తుదకు తక్కువగను ఉండును గదా, పాట ఒకే వేగముతో ఎట్లు నడచును? దీనికై గవర్నరు అను భాగమున్నది. సన్నని ఇరుసు చుట్టును మూడు చిన్న గుండ్లు పలుచని పట్టీలకు బిగింపబడియుండును. ఒప్పులకుప్ప ఆడు బాలికలు వేగము హెచ్చినకొలది వెనుకకు వాలుదురు; అట్లే ఈ గుండ్లును వెలికి లేచి ఒక బిళ్ళను లాగును. ఆ బిళ్ళ మెత్తని అడ్డుకు రాచుకొని వేగమును తగ్గించును. మా పెట్టెలో ఈ మెత్తయు ఎండియుండెను. నూనెలో నానినంతనే పనిచేసెను. ఈ రికార్డులు నిమిషమునకు 78 చుట్లు తిరుగవలెను. రికార్డు అంచున కాగితపు ముక్కనుంచి పది సెకండ్లలో 13 చుట్లు వచ్చునట్లు మీటను సరిచేసితిమి. లెక్కించినది మా మనుమరాలు.

ఇక సౌండుబాక్సు. ములుకు రికార్డు గాడిలో ఊగుచు పోవును. ఆ ఊపు ఒక సన్నని కడ్డీ మీదుగా పలుచని రేకునకు తగిలి ధ్వని యగును. రేకు అంచును పట్టియుంచు రబ్బరు వలయములు రాయివలె గట్టిపడినచో శబ్దము గరగరలాడును. వీనికి బదులు సైకిలు చక్రమునకు వాడు సన్నని వాల్వు గొట్టమును కొలత ప్రకారము కత్తిరించి అమర్చితిమి. కడ్డీయు రేకును కలియుచోట చిన్న మైనపుచుక్క వేసితిమి. దొరకవన్న సామానులు ఇవియే.

శనివారము రాత్రికి పని ముగిసెను. రికార్డులు చూపగా అత్తగారు టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మా తెలుగు తల్లికి’ పాటను ఎంచుకొనిరి. శంకరంబాడి సుందరాచారి రచించిన ఆ గీతము తరువాత రాష్ట్రగీతమైనది. మన దేశమున 1902లో కలకత్తాలో రికార్డునకు మొదట పాడినవారిలో గౌహర్ జాన్ అను గాయని సుప్రసిద్ధురాలు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి మొదటి రికార్డు 1926లో, ఆమె పదియేండ్ల ప్రాయమున వచ్చినది. స్త్రీలు పాడిన పాటలు స్త్రీల వంటయింటికి చేరుటకు ఈ పెట్టెయే దారియైనది. మా అత్తగారు జీవితములో ఒక్క కచేరీకైనను పోయి యెరుగరు. వారి సభ ఇదియే.

పాట మొదలు కాగానే వారు పెట్టెకు చెవి ఆనించి, మూతపై అరచేయి నుంచిరి. మాటలు తెలియుచున్నవా యని అడిగితిని. “మాటలు స్పష్టముగా లేవు గాని, ఆ బిడ్డ ఊపిరి తీసికొను చోట్లు అన్నియు తెలియుచున్నవి” అనిరి. మరిది ఆ మాట విని, వర్తకునికి రావలదని తానే చెప్పి పంపెను.

ఇట్టి పెట్టె మీ యింట నున్నచో కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకొనుడు. ఉక్కు ములుకును ఒక వైపు పాటకు మాత్రమే వాడవలెను. రికార్డులో లక్కతో పాటు రాతిపొడి కలిసియుండును; అది ములుకును అరగదీయును, అరిగిన ములుకు గాడిని చెరచును. ఆ లక్క మన మోదుగ, రేగు, కుసుమ చెట్లపై పురుగులు పెట్టునదే గనుక ఎండ తగిలినచో రికార్డు వంగును. నిలువుగా, నీడలో నుంచవలయును. నేటి చేతి యంత్రములు వేరు. లిథియము బ్యాటరీని పొడిచినచో మంట లేచును గనుక దానిని తెలిసినవారికే విడువవలెను. కొన్ని వస్తువులను విప్పుటకే వీలులేకుండ అతికించి అమ్ముచున్నారు. ఈ మరమ్మతు హక్కును గూర్చి యోచించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో ఒక సంఘమును నియమించెను. కొనునపుడే “ఇది విప్పుటకు వీలగునా?” యని అడుగుట మన చేతిలోని పని.

అటకపై మూగవోయిన దేదైన నుండిన యెడల ముందు దుమ్ము తుడిచి, ఒక చమురుచుక్క వేసి, ఒక రాత్రి ఓర్చుడు. కొనువాడు చెప్పు వెలను మరునాడు వినవచ్చును.