ఫైల్లో అంకె మారిస్తే బండి బాగుపడుతుందా?

కార్బ్యురేటర్ బళ్ళ రోజుల్లో ఐడ్లింగ్ సరిచెయ్యాలంటే మెకానిక్‌కి ఓ స్క్రూడ్రైవరు, మంచి చెవి ఉంటే చాలు. స్క్రూ కాస్త తిప్పి, చప్పుడు విని "అయిపోయింది సార్" అనేవాడు. ఇప్పటి కార్లలో ఆ స్క్రూ లేదు. ఇంజన్ని నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్లో అదొక పట్టిక అయిపోయింది.

కూలెంట్ ఎంత వేడిగా ఉంటే ఇంజన్ ఎంత ఆర్‌పీఎమ్‌లో తిరగాలో ఆ పట్టిక చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక చాలా పెట్రోలు కార్లలో 700-800 దగ్గర. చాలా బళ్ళలో ఓబీడీ పోర్టుకి కేబుల్ తగిలించి ఆ ఫైలుని లాప్‌టాప్‌లోకి దించుకోవచ్చు, అంకె మార్చి, చెక్‌సమ్ సరిచేసి మళ్ళీ ఎక్కించొచ్చు. ఎక్కిస్తుండగా బ్యాటరీ డౌనైతే మాత్రం బండి అక్కడే కూర్చుంటుంది. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ సర్వర్ మీద చెయ్యి పెట్టడం లాంటిదే అనుకోండి.

మా ఫ్రెండు కారు సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే వణికి ఆగిపోయేది. "నువ్వు సాఫ్ట్‌వేరే కదరా, ఆ 750ని 900 చేసి పడెయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ 750 అనేది ఇంజన్ అందుకోవాల్సిన లక్ష్యం మాత్రమే. ఈసీయూ అసలు వేగం చూసుకుంటూ, లక్ష్యానికి తగ్గట్టు గాలినీ స్పార్క్ టైమింగునీ సర్దుతూనే ఉంటుంది. పైగా అన్నేళ్ళూ అదే ఫైలుతో బండి బాగానే నడిచింది. ఫైలు మారలేదు కాబట్టి మారింది ఇంకేదో అయ్యుండాలి. వెతికితే త్రాటిల్ బాడీ నిండా మసి! అది శుభ్రం చేయించి, ఐడిల్ రీలెర్న్ చేయిస్తే 750 దగ్గరే బుద్ధిగా నిలబడింది. క్వెరీ నెమ్మదిగా ఉందని టైమవుట్ 30 నుంచి 60 సెకన్లకి పెంచేవాళ్ళని మనం ఆఫీసుల్లో చూడట్లేదూ? ఇదీ అంతే.

"అయితే ఆ ఫైలు కంపెనీవాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదా?" అంటారేమో. నేనలా అనను. ఇంజన్లో కామ్‌షాఫ్ట్ మార్చినవాడికి ఆ అంకె మార్చడం నిజంగానే అవసరం పడొచ్చు. అమెరికాలో 2015లో కాపీరైట్ చట్టం నుంచి మినహాయింపునిచ్చి, సొంత బండి రిపేరు కోసం దాని సాఫ్ట్‌వేర్ తాళం తీసుకోనిచ్చారు. అదే ఏడాది ఫోక్స్‌వాగన్ గుట్టు బయటపడింది. టెస్టు జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రమే కాలుష్యం తగ్గించే కోడు దాదాపు కోటీ పది లక్షల డీజిల్ కార్లలో ఉంది. కంపెనీ తాళం వేసినంత మాత్రాన లోపలున్నది నిజాయితీగల కోడని నమ్మక్కర్లేదన్నమాట.

అలాగని ఆ అంకె మన ఒక్కళ్ళ సొంతమూ కాదు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పెట్రోలు బళ్ళ కార్బన్ మోనాక్సైడ్‌ని ఐడ్లింగ్‌లోనూ కొలుస్తారు. ఆ పొగ పక్కబండి మీద వెళ్ళేవాడూ పీల్చాలి. ఫైలు తెరిచి చూసే హక్కు అందరికీ ఉండాలని నా అభిప్రాయం. మార్చేవాడు మాత్రం ఎందుకు మారుస్తున్నాడో చెప్పగలగాలి. "వణుకుతోంది కాబట్టి" అన్నది నా లెక్కలో జవాబు కాదు. మీరేమంటారు?