పల్లికాయ ఆరబెట్టడమూ ఇంజనీరింగే

వనపర్తి మార్కెట్ యార్డులో కుప్ప ముందు కూర్చున్న రైతు ఒక పల్లికాయ తీసి చెవి దగ్గర ఊపుతాడు. లోపల గింజ గలగలమంటే ఆరినట్టు. తేమ మీటర్లు రాకముందు నుంచీ ఉన్న పరీక్ష అది, దాని మీద నాకు చాలా గౌరవం. కానీ గింజలో తేమ 8, 9 శాతానికి దిగకముందే బస్తాకెత్తితే ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరే ప్రమాదం ఉంది. ఆ విషం కంటికి కనబడదు, వేయించినా పూర్తిగా పోదు. నేరుగా తినే పల్లీలో అది కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఒప్పుకోదు.

గాలి, వేడి, తేమ, బూజు. వీటి లెక్క తేల్చేదే బయోసిస్టమ్స్ ఇంజనీరింగ్. మనకు పాలెంలో వ్యవసాయ కాలేజీ ఉంది, మోజర్లలో ఉద్యాన కాలేజీ ఉంది. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో 1959లోనే పాలిటెక్నిక్ పెట్టారు. వ్యవసాయ యూనివర్సిటీలో ఈ ఇంజనీరింగ్ బీటెక్ చదవాలంటే మాత్రం పిల్లలు సంగారెడ్డి దగ్గర కంది దాకా పోవాలె. డిగ్రీ అయిపోయిన గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలకు పాలెంలోనే ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెడితే ఎంత బాగుంటుంది! ఆరబోత, గోదాము, డ్రిప్పు నేర్పినా చాలు. ఈ కాలేజీల్లో చదివినవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే కింద మీ మాట రాయండి.