ఆధారసూచిలో ఇంటిపేరు

శాస్త్రవ్యాసము వ్రాయువాడు తన ప్రయోగమునందు చూపు శ్రద్ధను వ్యాసాంతమున చేర్చు ఆధారసూచియందు చూపుట అరుదు. అది అచ్చుపనివారి భారమనియో, సంపాదకుల చాదస్తమనియో తలచువారే పెక్కురు. ఈ తలంపు ఎంతవరకు సమంజసమో తెలియుటకు ఒక తెలుగు పరిశోధకుని అనుభవము తోడ్పడగలదు.

జీవరసాయన శాస్త్రమున కృషి సల్పుచున్న ఆ యువకుడు తన మొదటి పెద్దవ్యాసమును ఒక విదేశీయ పత్రికకు పంపెను. కొన్ని వారములకు వ్రాతప్రతి తిరిగివచ్చెను. ఫలితములను గూర్చి పరిశీలకుల ఆక్షేపణలు స్వల్పములే. ఆధారసూచిని మాత్రము ఆమూలాగ్రముగ తిరిగి వ్రాయవలసినదని సంపాదకులు కోరిరి. అతడు అనుసరించినది హార్వర్డు పద్ధతి. పత్రిక పాటించునది వాంకూవరు పద్ధతి.

ఈ రెండింటి తారతమ్యము తెలియదగినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డు లారెన్సు మార్కు 1881లో గుల్లలేని ఒక నత్తజాతి జీవిని గూర్చి వ్యాసము ప్రకటించుచు, వాక్యమధ్యమున పూర్వగ్రంథకర్త పేరును, సంవత్సరమును కుండలీకరణములలో చూపెను. హార్వర్డు పద్ధతికి అదియే మూలమని చెప్పుదురు. ఇందు సూచి అకారాదిగ నుండును. ఎవరు, ఎప్పుడు చెప్పిరో చదువరికి అక్కడనే తెలియును. రెండవది వైద్యపత్రికల సంపాదకులు కొందరు 1978లో కెనడా దేశపు వాంకూవరు నగరమున సమావేశమై చేసిన నిర్ణయములనుండి పుట్టినది. ఆ నియమములు 1979లో వెలువడినవి. ఇందు వాక్యమున అంకె మాత్రమే యుండును. సూచి ప్రస్తావనాక్రమమున సాగును. వాక్యము నిరాటంకముగ నడచును గాని, నడుమ ఒక్క ఆధారము చేర్చినచో తరువాతి అంకెలన్నియు మారవలెను. నేడు ఆ మార్పును గణనయంత్రము క్షణములో చేయుచున్నది. కాని యంత్రము వరుసను మార్చగలదే గాని, వరుసలోనిది సత్యమో కాదో ఎరుగదు.

యువకునికి ఇది ఆ రాత్రియే బోధపడెను. యంత్రము పద్ధతిని మార్చియిచ్చినది గాని, రెండు మూడు చోట్ల సంపుటసంఖ్య లోపించినట్లు చూపినది. వానిని పూరించుటకై మూలవ్యాసములను తెరచిచూడగా, తాను వానిని ఎన్నడును చూడలేదనియు, ఇతరుల సూచులనుండి ఎత్తివ్రాసికొంటిననియు జ్ఞప్తికి వచ్చెను. ఒకచోట పుటసంఖ్యయే తప్పు. వేరొకచోట మూలవ్యాసకర్త చెప్పినది తాను ఆతనికి ఆరోపించిన దానికి ఇంచుమించు విరుద్ధము. అరువు తెచ్చుకొన్న ఆధారము అరువు తెచ్చిన వాక్యమును గూడ వెంటబెట్టుకొని వచ్చినది! సూచిని సవరింప కూర్చున్నవాడు వ్యాసములోని ఒక ప్రతిపాదననే సవరించుకొనవలసి వచ్చెను. సంపాదకుల చాదస్తమని తాను తలచినది తన అజాగ్రత్తకు పరీక్షయైనది.

తరువాత అతని దృష్టి మరియొక పంక్తిపై నిలిచెను. భాస్వరపు పరిమాణమును రంగుతీవ్రతచే నిర్ణయించు విధానమును గూర్చి 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటమున 375 మొదలు 400 పుటలవరకు వెలువడిన సుప్రసిద్ధ వ్యాసమది. కర్తలు ఫిస్కె, సుబ్బారావులు. వాంకూవరు నియమము ప్రకారము ముందు వంశనామమును పూర్తిగను, వెనుక వ్యక్తినామమును పొడి అక్షరముగను వ్రాయవలెను. సూచిలో నున్నది 'సుబ్బారో వై' అని. భీమవరమున 1895లో జన్మించి అమెరికాలో కీర్తి గడించిన ఆ మహనీయుని ఇంటిపేరు ఎల్లాప్రగడ. సుబ్బారావు ఆయన పేరు. అనగా వంశనామస్థానమును వ్యక్తినామము ఆక్రమింపగా, ఇంటిపేరు ఒక్క అక్షరమై తోకగా మిగిలినది.

ఇది ఆయన యొక్కనికే కలిగినది కాదు. 1945లో కలకత్తా గణితశాస్త్ర సంఘ పత్రికలో ప్రకటితమైన వ్యాసముచే సంఖ్యాశాస్త్రమున శాశ్వతకీర్తి నొందిన కల్యంపూడి రాధాకృష్ణారావును లోకము 'రావు' అనియే ఎరుగును. తెలుగునాట అది ఇంటిపేరు కాదు, పేరుచివర గౌరవముగ చేరు మాట. తెలుగు ధాతువులపై 1961లో గ్రంథము ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తి, భాషాశాస్త్ర సూచులలో 'కృష్ణమూర్తి' క్రిందనే కనబడును. ఇంటిపేరు ముందుండు జాతికి, అది వెనుకనుండు జాతులు నిర్మించిన గడులు సరిపడకపోవుటయే దీనికి కారణము.

యువకుడు మొదట ఆ పంక్తిని 'ఎల్లాప్రగడ ఎస్' అని దిద్దబోయెను. అభిమానము అట్లు ప్రేరేపించినది. కాని వెంటనే సంశయించెను. అట్లు దిద్దినచో ఆ వ్యాసమును వెదకువానికి అది దొరకునా? గ్రంథాలయసూచులన్నిట సుబ్బారావు పేర నున్న దానిని ఎల్లాప్రగడ పేర ఎవరు వెదకుదురు? ఆధారసూచి వంశవృక్షము కాదు, చిరునామా. కర్త ఏ పేర ప్రకటించెనో ఆ పేరనే చూపుట న్యాయము. ఇంటిపేరు తెలుపదలచినచో జీవితచరిత్రయందు తెలుపవచ్చును. యువకుడు చేయి వెనుకకు తీసికొనెను.

అయితే తన పేరు సంగతి యేమి? అతని తొలివ్యాసమున ఇంటిపేరు పూర్తిగా ముద్రితమైనది. రెండవదానియందు అది పొడి అక్షరముగ మారినది. సూచికర్తలు ఆ ఇరువురిని వేర్వేరు వ్యక్తులుగ గణించిరి. ఒక ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినప్పుడు, నిర్ణేతలు వెదకిన పేర అతని కృషిలో సగమే కనబడెను. ఆ సగము ఎవరికిని చెందక మిగిలినది. పేరు వ్రాయు తీరు చిన్నదే. దానివలన కలిగిన నష్టము చిన్నది కాదు. 2012 నుండి పరిశోధకులకు 'ఆర్కిడ్' అను 16 స్థానముల గుర్తింపుసంఖ్య లభించుచున్నది. పేరు ఎన్ని రూపములు దాల్చినను సంఖ్య ఒక్కటే. అతడు దానిని పొందెను. అంతకంటె ముఖ్యముగ, ఇకపై తన పేరును ఒక్క రూపముననే వ్రాయ నిశ్చయించుకొనెను.

ఆ సమయమున కళాశాలలో తెలుగు పండితుడు చెప్పిన మడికి సింగన వృత్తాంతము అతనికి స్మృతికి వచ్చెను. సింగన పూర్వకవుల నీతిపద్యములను ఏర్చికూర్చి 'సకలనీతిసమ్మతము' సంధానించెను. దానిని మానవల్లి రామకృష్ణకవి వెలుగులోనికి తెచ్చెను. సింగన పద్యములను పోగుచేసి యూరకుండలేదు. అవి ఏ గ్రంథములలోనివో పేర్కొనెను. ఆ గ్రంథములలో 'ముద్రామాత్యము' వంటివి నేడు లభింపవు. అవి ఉండెనని మనకు తెలియుటకును, వాని పద్యములు కొన్నియైనను దక్కుటకును సింగన చూపిన ఆ పేర్లే ఆధారము. ఆతడు సంపుటము నెరుగడు, పుట నెరుగడు, పద్ధతి నెరుగడు. ఒకరి సొమ్మును ఒకరిదని చెప్పుట మాత్రము ఎరుగును. ఆ మాత్రపు నిజాయితీ లేకున్నచో ఆ పద్యములు అనాథలయ్యెడివి.

తెల్లవారుజామున యువకుడు సూచి ముగించెను. కామాలు, చుక్కలు పత్రిక కోరినట్లే యున్నవి. ప్రతి పంక్తికిని మూలవ్యాసమును తాను స్వయముగ చూచియుండెను. ఆ పంక్తులలో ఒకటి 'సుబ్బారో వై'. ఆ 'వై' ఏమిటో తెలిసిన తెలుగువాడు దానిని మార్చకయే వ్రాతప్రతిని తిరిగి పంపెను.